కొండ మీద నీళ్లు, కొండ కింద కరెంటు: పంప్డ్ స్టోరేజీ వస్తే మా ఊరు ఏం అడగాలి?

గెడ్డగట్టు
అందరికీ నమస్కారం. మాది అనంతగిరి మండలం, ఉద్యోగం గాజువాకలో. సంక్రాంతికి ఊరెళ్తే మా కొండ మీద బోరు మిషన్లు పెట్టి రాతి నమూనాలు తీస్తున్నారు. ఏంటని అడిగితే పంప్డ్ స్టోరేజీ అన్నారు. పైన ఒక రిజర్వాయరు, కింద ఒకటి, మధ్యలో సొరంగం అంట. ఊళ్లో సగం మంది ఉద్యోగాలొస్తాయంటున్నారు, సగం మంది భూములు పోతాయంటున్నారు. మా నాన్నకి రెండెకరాల కాఫీ ఉంది, అందులోనే మిరియాలు. ఊరంతా తాగేది ఊట నీళ్లే. కొండ మీద నుంచి పైపులో దానంతటదే దిగుతుంది, మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని పంచాయతీ ఆఫీసులో అనుకుంటున్నారు. కావాలా వద్దా అన్నది ఊరు తేల్చుకుంటుంది, దాని గురించి నేను అడగట్లేదు. ఒకవేళ వస్తే ఏం అడగాలి, ఏది కాగితం మీద రాయించుకోవాలి? వేరే దేశాల్లో ఇలాంటివి కట్టినచోట ఏం జరిగింది? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దండం పెడతాను.

పాత టర్బైన్
బాబూ, సీలేరులోనూ మోతుగూడెంలోనూ పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు అది ఏమిటో తెలుసుకో, సగం భయం పోతుంది, మిగతా సగం సరైన చోట నిలబడుతుంది.

మామూలు జలవిద్యుత్తులో నదికి అడ్డంగా డ్యామ్ కడతాం. మాచ్‌ఖండ్ 1955లో అలా మొదలైంది. తర్వాత ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. పంప్డ్ స్టోరేజీ కరెంటు పుట్టించేది కాదు, దాచేది. మధ్యాహ్నం సోలార్ ఎక్కువైపోయినప్పుడు ఆ కరెంటుతో నీళ్లు పైకి తోడతారు. సాయంత్రం మీరంతా ఇళ్లకొచ్చి ఏసీలు వేశాక కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. 100 యూనిట్లు పెట్టి తోడితే 75 నుంచి 80 తిరిగొస్తాయి. అవే నీళ్లు రోజూ పైకీ కిందికీ తిరుగుతుంటాయి కాబట్టి పెద్ద డ్యామంత ముంపు ఉండదు.

అందుకే నీ మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: ఆ రెండు రిజర్వాయర్లలో ఏదైనా పారే గెడ్డ, అంటే వాగు మీద కడుతున్నారా, లేక గెడ్డకి దూరంగానా? కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లది నదికి దూరంగా కట్టారు. మన ఎగువ సీలేరు దగ్గర ప్రతిపాదించిన 1,350 మెగావాట్లదానికి ఇప్పటికే ఉన్న గుంటవాడ, డొంకరాయి జలాశయాలే వాడతారు. ఈ రెండూ ఒక రకం. వాగుకి అడ్డంగా కొత్త కట్ట వేస్తే మాత్రం అది పేరుకే పంప్డ్ స్టోరేజీ. ముంపు, చేపలు, దిగువ పొలాలు, డ్యామ్‌కి ఉన్న తలనొప్పులన్నీ దానికీ ఉంటాయి.

బీచ్‌రోడ్ బాతాఖానీ
మాస్టారూ, నాదొక స్వార్థపు ప్రశ్న. విశాఖ తాగేది రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు నీళ్లు. తాటిపూడి గోస్తని మీద, రైవాడ శారద మీద. ఈ రెండు నదులకీ నీళ్లు ఆ అనంతగిరి, మాడుగుల కొండల నుంచే కదా? ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో యుద్ధాలు జరుగుతాయి. పైన రిజర్వాయర్లు నింపుకుంటే మాకు వచ్చేది తగ్గదా?

పాత టర్బైన్
ఒకసారి నింపాక పెద్దగా అక్కర్లేదు. ఎండకి ఆవిరయ్యేది, నేలలోకి ఇంకేది ఏటా కలుపుకోవాలి, అంతే. ఎంత తీసుకుంటారన్నది చిన్న ప్రశ్న. ఏ గెడ్డ నుంచి, ఏ నెలలో తీసుకుంటారన్నదే పెద్ద ప్రశ్న. ఆగస్టులో వరద నీళ్లు తీసుకుంటే నీకు తెలియను కూడా తెలియదు. మార్చిలో తీసుకుంటే రైవాడ అడుగు కనిపిస్తుంది. ‘వర్షాకాలంలో, ఇంత ప్రవాహం దాటాకే తోడుకోవాలి’ అని అనుమతి షరతుల్లోనే ఉండాలి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ వాళ్లు ఆ అభిప్రాయ సేకరణకి వచ్చి ఈ మాట అడగాలి. వాళ్లని రప్పించే పని మీ నగరవాసులది.

పాడేరు పంతులమ్మ
గెడ్డగట్టు తమ్ముడూ, నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం ఊట. నేనైతే దాని దగ్గరే ఆగుతాను.

మా బడి వెనక ఊటకి సిమెంటు తొట్టి కట్టారు. వానాకాలం అది పొంగి పొర్లుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి సన్నటి ధార. ఏప్రిల్‌లో పిల్లలు బిందె పెట్టి పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటారు, అంతసేపు పడుతుంది. అయినా ఏ ఏడూ పూర్తిగా ఆగలేదు. ఈ కొండల్లో పైన మెత్తబడిన రాయి స్పాంజిలా నీరు పట్టి ఉంచుతుంది, కింద గట్టి రాయి. రెండూ కలిసే చోట పగుళ్లలోంచి ఊట. అలాంటి కొండ లోపల కిలోమీటర్ల సొరంగం తవ్వితే ఆ నీరు ఎటు పోతుంది? రిజర్వాయరు ముంపు అందరికీ కనబడుతుంది, మ్యాపులో నీలం రంగు వేస్తారు. సొరంగం మీద ఉన్న ఊట ఏ మ్యాపులోనూ ఉండదు. నాకు జవాబు తెలియదు, ఇంజినీర్లు చెప్పాలి.

వియంటియాన్ విశాఖవాసి
అక్కా, మీ ప్రశ్నకి జవాబు శ్రీలంకలో ఉంది. బదుల్ల జిల్లాలో ఉమా ఓయ ప్రాజెక్టు, 120 మెగావాట్లు. ప్రపంచ లెక్కల్లో చాలా చిన్నది. నీళ్లు మళ్లించడానికి కొండల కింద పొడవాటి సొరంగం తవ్వారు. 2014 చివర్లో ఒకసారి, 2017లో మరోసారి సొరంగంలోకి నీళ్లు తన్నుకొచ్చాయి. పైన బండారవెల చుట్టుపక్కల బావులు, ఊటలు ఎండిపోయాయి, ఇళ్ల గోడలు పగుళ్లిచ్చాయి, జనం రోడ్డెక్కారు, ట్యాంకర్లతో నీళ్లు తోలాల్సి వచ్చింది. చివరికి 2024 ఏప్రిల్‌లో ప్రారంభించారు. ముంచిన భూమి తక్కువే, దెబ్బ తిన్నది సొరంగం పైనున్న ఊళ్లు.

నేను సివిల్ ఇంజినీర్‌ని, లావోస్‌లో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు మధురవాడలో ఉంటున్నా. అక్కడ నేర్చుకున్నది ఇదీ: పర్యావరణానికి జరిగే మేలూ కీడూ చాలావరకు స్థలం ఎంచుకున్న రోజే తేలిపోతాయి. ఆ తర్వాత మిగిలేది గేట్లు ఎప్పుడు ఎంత తెరవాలన్న నియమం, ఆ నియమాన్ని నడిపించే డబ్బు. మిగతా రెండొందల పేజీల ప్రణాళిక ఉంటుంది చూశారూ, మొక్కలు నాటడం, అవగాహన సదస్సులు, అది అలంకారం.

అక్కడి నామ్ థెయున్ 2 జలవిద్యుత్ ప్రాజెక్టు సంగతి చెప్తాను. 2010లో మొదలైంది, 1,070 మెగావాట్లు, జలాశయం 450 చదరపు కిలోమీటర్లు. ఒక నది నీళ్లు తీసి కొండ దిగువన ఇంకో నదిలోకి, సె బాంగ్ ఫాయ్‌లోకి వదులుతారు. దిగువకి ఒక్కసారిగా నీళ్లు ఎగదన్నకుండా మధ్యలో ఒక సర్దుబాటు చెరువు కట్టారు. జలాశయం అడుగు నీటిలో ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, చేపలు చస్తాయి. అందుకని కాలువలో నీటిని ఎత్తు నుంచి దూకించి గాలి కలిపే కట్టడం పెట్టారు. ఎగువ అడవి కాపాడటానికి ఏటా 10 లక్షల డాలర్లు ప్రాజెక్టే కట్టాలని ఒప్పందంలోనే రాశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఆఖరిదే. అడవికి డబ్బు బడ్జెట్‌లో మంత్రిగారి దయ మీద ఆధారపడదు, కరెంటు అమ్మిన సొమ్ములోంచి వస్తుంది.

లెక్కలమాస్టారు
విశాఖవాసి గారూ, నామ్ థెయున్‌ని మరీ ఆకాశానికెత్తకండి. ఆ కరెంటులో సుమారు 95 శాతం థాయ్‌లాండ్‌కి పోతుంది. జలాశయం కట్టిన పీఠభూమి మీద 6 వేల మందికి పైగా ఊళ్లు మారారు. కొత్త ఇళ్లు బాగానే కట్టారు, సరే. బతుకుతెరువు మాత్రం అంత తేలిగ్గా కుదుటపడలేదు. 2015తో ముగియాల్సిన పునరావాస గడువుని పొడిగించాల్సి వచ్చింది. దిగువన సె బాంగ్ ఫాయ్ వెంట లక్షకు పైగా జనం చేపల మీద, ఒడ్డు సేద్యం మీద బతికేవాళ్లు. వాళ్లకి ఇల్లు మునగలేదు కాబట్టి ‘నిర్వాసితులు’ అన్న పట్టికలో పేరే లేదు. ప్రపంచబ్యాంకు దగ్గరుండి చేయించిన ప్రాజెక్టు గతే ఇలా ఉంటే, మన దగ్గర ఎవరు దగ్గరుంటారు?

వియంటియాన్ విశాఖవాసి
కాదనను మాస్టారూ. అదే దేశంలో 2018 జూలైలో సె పియన్ సె నామ్‌నోయ్ డ్యామ్ పక్కకట్ట తెగి ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి. నామ్ థెయున్‌లో కూడా దిగువ చేపల నష్టం తీరలేదు. నేను దాన్ని ఆదర్శంగా చూపట్లేదు. ఏయే షరతులు ఒప్పందంలోకి ఎక్కించవచ్చో చూపిస్తున్నాను. మన ఊళ్లు ఆ స్థాయి షరతు అడగడం కూడా మొదలుపెట్టలేదు, ఇప్పటికీ ‘ఇంటికొక ఉద్యోగం’ దగ్గరే ఆగిపోతున్నాం. ఆ ఉద్యోగాలు కూడా సొరంగం తవ్వినంత కాలమే. నడిపే దశలో పంప్డ్ స్టోరేజీకి కావలసిన మనుషులు చాలా తక్కువ.

పులస ప్రియుడు
రాజమండ్రి నుంచి పొట్టకూటికి వచ్చి సీతమ్మధారలో స్థిరపడ్డవాణ్ణి, చేప గురించి మాట్లాడకపోతే మా వాళ్లు వెలేస్తారు.

పులస సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వస్తుంది. ధవళేశ్వరం దాటి ఎగువకి పోవడం దాని వల్ల కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాదు దాకా వెళ్లే ఆ చేప ఎగువన దాదాపు కనబడకుండా పోయింది. చేప వెళ్లడానికి ఏర్పాటు పెట్టామంటే సరిపోదు. థాయ్‌లాండ్‌లో పాక్ మూన్ అని 136 మెగావాట్ల డ్యామ్, 1994లో పూర్తయింది. మెట్లు మెట్లుగా చేపల నిచ్చెన కట్టారు. మెకాంగ్ చేపలకి ఆ నిచ్చెన ఎక్కడం రాదాయె! ఏళ్ల తరబడి జాలర్లు ధర్నాలు చేస్తే 2001లో గేట్లు ఎత్తారు, ఆ తర్వాత ఏటా కొన్ని నెలలు ఎత్తే పద్ధతి వచ్చింది. అంటే కట్టేసిన డ్యామ్‌ని కూడా నడిపే పద్ధతి మార్చి కొంత దారికి తేవచ్చు. కానీ ఏటా కొన్ని నెలలు కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదల ముందే లెక్కలో వేసుంటే అసలా డ్యామ్ కట్టేవారా అన్నది అడగాల్సిన మాట.

అనంతగిరిలో పులస లేదు, తెలుసు. కానీ గెడ్డలో పిల్లలు పట్టే చిన్న చేప, పీత, ఇంటి కూర. ఆ లెక్క ఏ నివేదికలో ఉంటుందో చూపించండి.

నల్లకోటు
చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను.

మీది షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజన ప్రాంత భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు పుట్టింది మీ మండలంలోని బొర్రా, నిమ్మలపాడు దగ్గర గనుల లీజుల మీదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకి లీజుకివ్వడం చెల్లదని చెప్పింది అదే. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక నీరు, బడి, వైద్యం కోసం శాశ్వత నిధిగా పెట్టాలన్న మాట కూడా అందులో ఉంది, దాన్ని ఎవరూ గుర్తు చేయరు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం, మూడూ గ్రామసభని తప్పించుకుని పోకుండా చేసినవే. 2013లో ఒడిశాలోని నియమగిరి బాక్సైట్ గని విషయంలో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది, 12 పల్లెలూ వద్దన్నాయి.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు, అంతా వీడియో తీస్తారు. ఒక చిక్కు గుర్తుంచుకోండి: ఇంతమంది వస్తేనే సభ చెల్లుతుందన్న నియమం లేదు. మీరు బహిష్కరించి ఇంట్లో కూర్చున్నా సభ జరిగినట్టే. వెళ్లండి, మాట్లాడండి, లిఖితపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అభిప్రాయ సేకరణ వేరు, గ్రామసభ సమ్మతి వేరు. మొదటిదానికి హాజరు పట్టీలో పెట్టిన సంతకాన్ని రెండోదానికి ఒప్పుకోలుగా చూపే ప్రయత్నాలు జరుగుతాయి, జాగ్రత్త. ఇంకోటి, పంప్డ్ స్టోరేజీని ప్రోత్సహించమని కేంద్ర విద్యుత్ శాఖ 2023 ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నదికి దూరంగా ఉన్నవాటికి అనుమతుల దారి సులువవుతోంది. మీ ప్రాజెక్టు ఏ వర్గంలో పడిందో ముందు కనుక్కోండి, అభిప్రాయ సేకరణ ఉంటుందా లేదా అన్నదే దాన్నిబట్టి ఉంటుంది.

పాత టర్బైన్
చదువుతుంటే ఒళ్లు మండుతోంది. ఇన్ని షరతులు పెడితే ఎవడూ ఏదీ కట్టడు. కట్టకపోతే ఏమవుతుంది? సాయంత్రం పీక్‌కి బొగ్గు కాలుస్తారు. జలవిద్యుత్తు మీద కోపం చూపేవాళ్లు థర్మల్ కేంద్రం పక్కన ఒక నెల కాపురం ఉండి చూడాలి.

బూడిదవాన
నేను ఉంటున్నాను సార్, ఏళ్ల తరబడి. ఊరు పేరు, కేంద్రం పేరు రాయను. గాలి అటు తిరిగిన రోజు మేడ మీద బట్టలు ఆరేయం. గిన్నెలు బోర్లించి పెడతాం. అందుకని కొండ మీద నీళ్లు తిప్పి కరెంటు దాచుకుంటామంటే నాలాంటివాడికి సంతోషమే. కానీ మా ఊరికీ అప్పట్లో ‘పర్యావరణ యాజమాన్య ప్రణాళిక’ అని లావుపాటి పుస్తకం చూపించారు. బూడిద చెరువు చుట్టూ పచ్చని చెట్ల బొమ్మ ఉంది అందులో. చెట్లు ఎక్కడున్నాయని అడగడానికి వెళ్తే ఏ అధికారిని అడగాలో చెప్పేవాడే లేడు. మీ కొండ వాళ్లు ఆ పుస్తకంలో ఏముందని కాదు, అది అమలు కాకపోతే ఎవరి జీతం ఆగుతుందో అడగండి.

వియంటియాన్ విశాఖవాసి
బూడిదవాన అన్నా, నా పోస్టు మొత్తం కన్నా మీ చివరి వాక్యం మేలు.

టర్బైన్ గారికి మర్యాదగానే ఒక మాట. నీటి కరెంటు అన్నీ బొగ్గు కన్నా శుభ్రమని ఏం లేదు. బ్రెజిల్‌లో బాల్బినా అని ఉంది, 250 మెగావాట్ల కోసం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ముంచేశారు. మునిగిన చెట్లు కుళ్లి మీథేన్ వస్తోంది. అది బొగ్గు కేంద్రం కన్నా హీనమని లెక్కలు కట్టినవాళ్లున్నారు. లోతైన, ఇరుకైన లోయలో చిన్న జలాశయమైతే ఆ సమస్య చాలా తక్కువ. మళ్లీ అదే, స్థలం.

కోస్టారికాలో ఇంకో దారి పట్టారు. రెవెంటజోన్ నది మీద 305 మెగావాట్లది 2016లో కట్టి, దానికి బదులుగా పక్కనున్న పరిస్మినా నదిని డ్యాములు లేకుండా వదిలేయడానికి ఒప్పుకున్నారు. ఒక నది మీద కట్టుకో, పక్క నది జోలికి పోకు. మన దగ్గర ఈ ఆలోచన చేస్తే జవాబు ఎదురుగా కనిపిస్తుంది. మాచ్‌ఖండ్, సీలేరు ఎప్పుడో డ్యాములతో నిండిపోయింది. కట్టేదేదో అక్కడున్న జలాశయాల మధ్యే కట్టండి. నగరానికి తాగునీరిచ్చే గోస్తని, శారదల తలాపు వదిలేయండి. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో నివేదిక రాస్తే ఈ మాట ఎప్పటికీ బయటికి రాదు. కొండలన్నిటికీ కలిపి ఒక అధ్యయనం ముందు జరగాలి.

డొంకరాయి దారి
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఊరుకోను. మాది సీలేరు వైపు. మీ అందరికీ భలే తేలిక పరిష్కారం దొరికింది. ఇప్పటికే మునిగినవాళ్ల మీదే ఇంకోటి వెయ్యండి, అంతేగా?

మాచ్‌ఖండ్ కోసం జలాపుట్ డ్యామ్ కట్టినప్పుడు లేచిపోయిన ఊళ్లవాళ్ల మనవలు ఇంకా పోడు పట్టా కోసం తిరుగుతున్నారు. బలిమెల జలాశయం వల్ల ఒడిశాలో నూటయాభైకి పైగా ఊళ్లు మూడువైపులా నీళ్లతో తెగిపోయాయి. గురుప్రియ వంతెన 2018లో వచ్చేదాకా జ్వరమొస్తే లాంచీ కోసం ఎదురుచూసేవారు. జలాశయం 70లలోది, వంతెన 2018ది, మధ్యలో ఎన్నేళ్లో మీరే లెక్కపెట్టుకోండి. పవర్‌హౌస్ కాలనీలో రాత్రంతా లైట్లు. అవతలి గట్టు మీద మా చుట్టాల ఊళ్లో కిరసనాయిలు దీపం. దాన్ని నా కళ్లతో చూశాను.

రిజర్వాయర్లు పాతవే కదా, కొత్త ముంపు లేదు కదా అంటారు. 1,350 మెగావాట్ల యంత్రాలు నీళ్లు తోడుతూ వదులుతూ ఉంటే గట్టు నీటిమట్టం రోజులోనే లేచి పడుతుంది. ఆ గట్టు మీదే మా పశువులు నీళ్లు తాగుతాయి, అక్కడే పుట్టి కట్టుకుని చేపలు పడతారు. బురద గట్టులో గేదె దిగబడితే ఎవరు లాగుతారు? సొరంగం మట్టి ఎక్కడ పోస్తారు? పాత నష్టం తేలకుండా కొత్తది మాట్లాడకూడదు.

పాడేరు పంతులమ్మ
తమ్ముడూ, నువ్వన్నది ముందుగా రావలసిన మాట. విశాఖవాసి గారు చెప్పిన పద్ధతి నదికి సరైనదే కావచ్చు, మనుషులకి సరిగా ఉండాలంటే పాత బాకీ తీర్చడం అందులో మొదటి షరతు కావాలి. పట్టాలు, రోడ్డు, కరెంటు, మట్టం మారే గట్టు దగ్గర కంచెలూ పశువులకి వేరే నీటి తొట్లూ. యంత్రాల ఆర్డరు ఇవ్వకముందే ఇవి అవ్వాలి.

పాత టర్బైన్
డొంకరాయి అబ్బాయికి: నేను ఆ కాలనీలో ఉన్నవాణ్ణే. అవతలి గట్టు దీపాలు నేనూ చూశాను. నీ మాటకి ఎదురు చెప్పను.

కానీ నడిపే నియమం గురించి నాలాంటివాడు చెప్పాల్సింది ఒకటుంది, వినండి. సీలేరు నీళ్లు శబరిలో కలిసి గోదావరికి పోతాయి. ధవళేశ్వరం కింద రబీ వరి ఎండిపోతుంటే డెల్టా రైతులు అడిగేది సీలేరు నీళ్లే. అప్పుడు గ్రిడ్ అవసరం ఒకవైపు లాగుతుంది, పొలం ఒకవైపు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి ఫోన్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. పంపులు కూడా వచ్చాక మూడో ఫోను మోగుతుంది. కాబట్టి ఎవరి మాట ముందు వినాలో కాగితం మీద లేకపోతే, గొంతు పెద్దదైనవాడి మాట చెల్లుతుంది. ఊరివాళ్ల గొంతు ఆ ఫోన్లో వినపడదు.

ఇంకోటి సైరన్. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాదు నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, కింద రాళ్ల మీద పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. వదిలే ముందు సైరన్, మెల్లగా పెంచుతూ వదలడం, గట్టు మీద మనిషి. చవకైన పనులే మనవాళ్లు చేయరు. నీళ్లు వదిలే వేగానికి పరిమితి, సైరన్, ఈ రెండూ మీ గెడ్డకి కూడా రాయించుకోండి.

పూడిక గురించి ఎవరూ మాట్లాడలేదు. శ్రీశైలం నీటిమట్టం వార్తల్లో పూర్తి సామర్థ్యం 215.81 టీఎంసీలు అని చదువుతుంటారు కదా. కట్టినప్పుడు అది 308. మిగతాది మట్టి. ఎగువ కొండ నరికితే కింద జలాశయం చచ్చిపోతుంది, కట్టినవాడి డబ్బే మునుగుతుంది. అడవి కాపాడటం దానధర్మం కాదు, యంత్రం ఆయుష్షు.

లెక్కలమాస్టారు
మట్టి ప్రస్తావన వచ్చింది కాబట్టి: సొరంగం తవ్విన రాయీరప్పా ఎక్కడ వేస్తారో మ్యాపు మీద గుర్తు పెట్టించండి. ఉత్తరాఖండ్ శ్రీనగర్‌లో 330 మెగావాట్ల ప్రాజెక్టు మట్టిని అలకనంద ఒడ్డున పోశారు. 2013 జూన్ వరదకి అదంతా ఇళ్లలోకి వచ్చింది. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 9 కోట్లకు పైగా పరిహారం కట్టమంది. కేసు వేసినవాళ్ల దగ్గర సాక్ష్యం ఉంది కాబట్టి గెలిచారు.

కనీస ప్రవాహం కూడా అంతే. గంగ ఎగువ భాగానికి 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. వచ్చే నీళ్లలో నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం నీళ్లు నదిలో వదలాలి. అది గంగకి. శాతాలు సరిపోతాయా లేదా అని వాదించుకోవచ్చు గానీ, నెలవారీగా రాసిన అంకె ఉంటే కొలిచి అడగొచ్చు. ‘తగినంత ప్రవాహం వదులుతాం’ అని రాసిచ్చారంటే ఏమీ రాయనట్టే.

గెడ్డగట్టు
అందరికీ చాలా థాంక్స్. డొంకరాయి అన్నా, నీ పోస్టు మా ఊరి గ్రూపులో పెట్టాను, కోపం వద్దు. మా వాళ్లు ‘మాకొద్దు, సీలేరు వాళ్లకివ్వండి’ అనడం మానేశారు, అదొక లాభం.

మా ఊటల గురించి అడుగుతాను. మా పంచాయతీలో వాడుకలో ఉన్న ఊటలు ఎన్నో ఎవరి దగ్గరా లెక్క లేదు. రేపు ఎండిపోతే ‘ముందు నుంచీ ఇంతే’ అంటారు. కొలవాలంటే ఎలా? మిషన్లేమైనా కావాలా?

పాడేరు పంతులమ్మ
ఏమీ అక్కర్లేదు. పది లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. పైపు నోటి కింద బకెట్టు పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు రాయి. నెలనెలా ఒకే తేదీన, పొద్దున్నే, జనం బిందెలు పట్టకముందు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయి. బడి పిల్లలకి అప్పజెప్పు, ఎనిమిదో తరగతి వాళ్లు నీకన్నా శ్రద్ధగా రాస్తారు. ఊట పేరు, దాని మీద ఆధారపడిన ఇళ్లు, పొలాలు పక్కన రాయించు.

వియంటియాన్ విశాఖవాసి
తవ్వకం మొదలయ్యేలోపు కనీసం ఒక పూర్తి ఏడాది లెక్క ఉండాలి. దాంతో పాటు ఆ తేదీల వర్షపాతం కూడా రాయండి, లేకపోతే వాన తక్కువ పడిందంటారు. సొరంగం దారి గీసిన మ్యాపు అడిగి తీసుకుని, ఊటల్ని దాని మీద గుర్తు పెడితే ఏవి ప్రమాదంలో ఉన్నాయో తేలుతుంది. మ్యాపు మీద గీతలు గీయడానికి నేను వస్తాను, ఆదివారాలు ఖాళీయే.

నల్లకోటు
ఊటల లెక్క రాసిన పుస్తకాన్ని ప్రతి మూడు నెలలకోసారి గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. పంచాయతీ కార్యదర్శి సంతకం, ముద్ర. ఒక కాపీ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి పంపి రసీదు తీసుకోండి. ముద్ర లేని నోటుబుక్కు కోర్టులో చిత్తుకాగితం.

పాత టర్బైన్
విశాఖవాసి ఒక్కడే ఎందుకు, నేనూ వస్తా. ఒక ఏడాది చాలదు, రెండేళ్లు కావాలి, ఒక ఏడు వాన ఎక్కువ పడి ఉండొచ్చు. మోకాళ్లు కొండెక్కనివ్వవు, కింద బడిలో కూర్చుని డ్రాయింగులు చదివి పెడతాను.

గెడ్డగట్టు
రెండేళ్లు ఆగుతారా సార్ వాళ్లు? సరే, ముందు మొదలుపెడదాం. కార్యదర్శి సెలవులో ఉన్నాడట, సోమవారం వస్తాడు. బకెట్టు మీద గీతలున్నది కొనమని మా చెల్లికి ఫోన్ చేశాను. అరకు సంతలో దొరక్కపోతే గాజువాకలో కొని నేనే తెస్తాను.